రాష్ట్రం సరేనన్న గంజాయి వీసా మీద ఉన్నవాళ్ళకి సరేనా? మనవాళ్ళకి ఏం చెప్పాలి?

నల్లకోటు:
అమెరికాకి చదువుకీ ఉద్యోగానికీ వస్తున్న మన పిల్లలకి గంజాయి గురించి "ముట్టుకోవద్దు" అన్న ఒక్క మాట చెబితే చాలనేది నా వాదన. ఏ రాష్ట్రంలో ఎన్ని గ్రాములో లెక్కలు చేతికిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

21 ఏళ్ళు నిండితే కొలరాడోలో 2 ఔన్సులు (ఔన్సంటే 28.35 గ్రాములు), కాలిఫోర్నియాలో 28.5 గ్రాములు, న్యూయార్క్‌లో 3 ఔన్సులు, న్యూజెర్సీలో 6 ఔన్సుల దాకా దగ్గర పెట్టుకోవచ్చు. ఆ హద్దు లోపల ఉన్నంతవరకు రాష్ట్ర పోలీసులు ఏమీ అనరు. అంతే, అంతకుమించి ఆ అంకెలు దేనికీ అక్కరకు రావు. 1970 నాటి ఫెడరల్ (కేంద్ర) చట్టం ప్రకారం గంజాయి నియంత్రిత పదార్థం. ఇమ్మిగ్రేషన్ వాళ్ళు చూసేది ఆ చట్టాన్నే. దేశంలోకి రానివ్వకపోవడానికి కోర్టు తీర్పు కూడా అక్కర్లేదు. నేరానికి కావలసిన అంశాలన్నీ అధికారి ముందు స్వయంగా ఒప్పుకున్నా చాలు. 2019 ఏప్రిల్‌లో పౌరసత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకం ఇంకో అడుగు ముందుకేసింది. రాష్ట్ర లైసెన్సున్న గంజాయి దుకాణంలో ఉద్యోగం చేసినా "మంచి నడవడిక" లేదని సిటిజన్‌షిప్ నిరాకరించవచ్చని అందులో ఉంది.

ప్లేనో_పెద్దన్న:
నల్లకోటు గారూ, "ముట్టుకోవద్దు" అన్నమాట అందరూ వినే విమానం ఎక్కుతున్నారు. అయినా దొరికిపోతున్నారంటే, ఎక్కడ మునుగుతారో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. టెక్సాస్ సంగతే చూడండి.

ఆకు రూపంలో 2 ఔన్సుల దాకా అయితే క్లాస్ బి మిస్‌డిమీనర్ (చిన్న నేరం): 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. 4 ఔన్సులు దాటాకే ఫెలనీ (పెద్ద నేరం). గమ్మీలు (గంజాయి సారం కలిపిన మిఠాయిలు), వేప్ పెన్నుల్లో (ఎలక్ట్రానిక్ సిగరెట్లలో) ఉండే నూనె మాత్రం అక్కడ గంజాయి లెక్కలోకి రావు. వాటిని టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) కింద వేరే పట్టికలో పెట్టారు. 1 గ్రాము లోపు ఉన్నా ఫెలనీయే. 1 నుంచి 4 గ్రాములకి 2 నుంచి 10 ఏళ్ళు, 4 నుంచి 400 గ్రాములకి 2 నుంచి 20 ఏళ్ళు. అసలు దెబ్బ తూకంలో ఉంది. మందు ఒక్కటే తూచరు, కలిపిన చక్కెర, జెలటిన్‌తో సహా తూస్తారు. 4 గ్రాముల గమ్మీలు పది ఉన్న డబ్బాలో టీహెచ్‌సీ మొత్తం 100 మిల్లీగ్రాములే కావచ్చు, కేసు మాత్రం 40 గ్రాములకి పడుతుంది. డెన్వర్‌లో బిల్లుతో కొన్న ఆ డబ్బా అమరిల్లో మీదుగా డాలస్ వస్తుంటే, దారిలో సరుకు మారదు గానీ శిక్ష మారిపోతుంది. "పొగ తాగట్లేదుగా, మిఠాయేగా" అనుకునే కుర్రాడికి ఈ ఒక్క లెక్క తెలిసినా జీవితం నిలబడుతుంది.

అట్లాంటా_అక్క:
పెద్దన్న మాటే నాదీను. తూకం కన్నా పెద్ద గొయ్యి కోర్టులో ఉంది. టెక్సాస్‌లో "డిఫర్డ్ అడ్జుడికేషన్" అంటారు. నేరం ఒప్పుకో, ప్రొబేషన్ (కోర్టు నిఘాలో ఉండే గడువు) పూర్తి చెయ్యి, కేసు కొట్టేస్తాం అని బేరం. రాష్ట్రం దృష్టిలో అది శిక్ష కాదు. ఇమ్మిగ్రేషన్ చట్టంలో మాత్రం, నేరం ఒప్పుకుని జడ్జి ఏ చిన్న ఆంక్ష పెట్టినా శిక్ష పడ్డట్టే. ఒప్పుకోలు లేకుండా, విచారణకి ముందే కేసుని పక్కకి మళ్ళించే ప్రీట్రయల్ డైవర్షన్ దొరుకుతుందేమో లాయరుని అడగాల్సింది అక్కడే. 2010లో పాడియా కేసులో సుప్రీంకోర్టు, దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే క్లయింటుకి చెప్పడం లాయరు బాధ్యతని తేల్చింది. ఆ పాడియా మీదున్నదీ గంజాయి రవాణా కేసే.

ఇంకో లెక్క 30 గ్రాములది. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు దగ్గర ఉంచుకున్న ఒకే ఒక్క కేసైతే, ఆ కారణంతో దేశం నుంచి పంపడానికి లేదు. జార్జియాలో 1 ఔన్సు (28.35 గ్రాములు) దాటితేనే ఫెలనీ కాబట్టి అక్కడి చిన్న కేసు ఈ మినహాయింపులో ఇముడుతుంది. టెక్సాస్‌లో 2 ఔన్సులంటే 56.7 గ్రాములు. రాష్ట్రానికి అది చిన్న నేరమే, ఇమ్మిగ్రేషన్‌కి మాత్రం హద్దు దాటిన సరుకు.

నల్లకోటు:
అక్కా, నా భయం సరిగ్గా అదే. మీరు రాసిన నాలుగు వాక్యాల్లోంచి చదివేవాడు "30 గ్రాములు ఫరవాలేదు" అన్న ముక్క ఒక్కటే పట్టుకెళ్తాడు. ఆ మినహాయింపు దేశం లోపల ఉన్నవాణ్ణి పంపేయకుండా మాత్రమే కాపాడుతుంది. ఇండియా వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు అదే 20 గ్రాముల కేసు గుమ్మం దగ్గర ఆపుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు అక్కడ మాఫీ కోసం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. 2022 అక్టోబరులో బైడెన్ ఇచ్చిన క్షమాభిక్ష పౌరులకి, గ్రీన్ కార్డు వాళ్ళకి మాత్రమే. ఎఫ్-1, హెచ్-1బి వాళ్ళకి అందులో చోటు లేదు. గంజాయిని ఫెడరల్ చట్టంలో మూడో షెడ్యూలుకి (ఆంక్షలు కాస్త తక్కువున్న పట్టికకి) దించితే అన్నీ సర్దుకుంటాయని ఆశపడేవాళ్ళు ఉన్నారు. మూడో షెడ్యూల్లో ఉన్నా అది నియంత్రిత పదార్థమే, ఇమ్మిగ్రేషన్ సెక్షను అక్షరం కూడా మారదు.

చికాగో_చెరువుగట్టు:
ఇల్లినాయ్ గురించి రెండు ముక్కలు. అక్కడి నివాసికి 30 గ్రాములు, బయటి రాష్ట్రం వాడికి 15 గ్రాములే. చూడటానికి వెళ్ళిన ఇండియానా విద్యార్థి పట్టుబడేది ఈ తేడా దగ్గరే. కారులో తీసుకెళ్తే వాసన రాని మూతపెట్టిన డబ్బాలో ఉండాలి. 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు కాలిన వాసన ఒక్కటే కారు సోదాకి చాలదంది, అదే ఏడాది ఇంకో తీర్పులో పచ్చి వాసన చాలంది.

రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ కొలరాడోలోనే ఉన్నా అది ఫెడరల్ భూమి. ఫెడరల్ చట్టం కింద దగ్గర ఉంచుకున్నందుకు మొదటిసారికే ఏడాది దాకా జైలు, కనీసం 1,000 డాలర్ల జరిమానా. ఇండియాలో కేజీ దాకా "చిన్న పరిమాణం" అని విన్నవాళ్ళు ఆ కొలత ఇక్కడికి మోసుకురావద్దు.

ప్లేనో_పెద్దన్న:
నల్లకోటు గారి భయం నిజమే, కాదనను. అందుకే అంకెలతో పాటు ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. పోలీసు ఆపితే అబద్ధం ఆడొద్దు, ఒప్పుకోనూ వద్దు. "లాయరుతో మాట్లాడాకే జవాబు చెబుతాను, సోదాకి నా అనుమతి లేదు" అంటే చాలు. సంతకం పెట్టేముందు క్రిమినల్ లాయరుతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరుకి కూడా ఆ కాగితం చూపించాలి. కేసు ముగిశాక రికార్డు సీల్ చేయించేస్తే (బయటివాళ్ళకి కనబడకుండా మూయించేస్తే) పీడ వదిలిందనుకుంటారు. సీల్ చేసినా ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులో ఆ కేసు చెప్పాల్సిందే. అప్పుడు అడిగే తీర్పు నకలు, తూకం చూపే ల్యాబ్ రిపోర్టు కోర్టు నుంచి తెచ్చుకోవడం గగనమవుతుంది. సీల్ చేయించకముందే ధ్రువీకరించిన నకళ్ళు రెండు మూడు తీసి పెట్టుకోవాలి.