ఏడాదికోసారి ఊరికొచ్చే కుటుంబం మైల్స్ కోసం ఒకే విమాన సంస్థను పట్టుకుని ఉండాలా?

ఫ్రిస్కో కోడలు:

నమస్కారం. మేము డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నలుగురం, పిల్లలు చిన్నవాళ్లు. ఏడాదికోసారి హైదరాబాద్‌లో దిగి తెనాలి వెళతాం. ఈ సెలవులకు దోహా మీదుగా వెళ్లే ఖతార్ టికెట్టు, దుబాయ్ మీదుగా వెళ్లే ఎమిరేట్స్ టికెట్టు కంటే మనిషికి 90 డాలర్లు ఎక్కువగా ఉంది. "పోయినసారి ఖతార్‌లో వెళ్లాం, మైల్స్ పోగుపడుతున్నాయి, అందులోనే వెళదాం" అని మా వారు అంటున్నారు. నలుగురికి 360 డాలర్లు. మైల్స్ అంటే ఎగిరినందుకు సంస్థ ఇచ్చే పాయింట్లనీ, తర్వాత వాటితో టికెట్టు తీసుకోవచ్చనీ తెలుసు గానీ, ఈ డబ్బుకు బదులుగా ఏమి వస్తుందో మా ఇద్దరికీ తెలియదు.

ఇంకొక సంగతి. అత్తయ్య, మామయ్య మొదటిసారి మా తోడు లేకుండా వస్తున్నారు. మధ్యలో ఆగినప్పుడు లాంజ్‌లో, అంటే విమానాశ్రయంలో భోజనం, మెత్తటి కుర్చీలు ఉండే విశ్రాంతి గదిలో కూర్చోబెట్టాలని మా కోరిక. దానికి తరచుగా ఎగిరేవారికి విమాన సంస్థ ఇచ్చే గోల్డ్ కార్డు ఉండాలని కొందరు, మా క్రెడిట్ కార్డు చాలని కొందరు అంటున్నారు. ఏది నిజం?

లెక్కల మాస్టారు:

మైల్స్ కోసం ఒక్క డాలరు కూడా ఎక్కువ పెట్టకండి. మైల్స్ పథకంలో సభ్యత్వం మాత్రం నలుగురికీ తీసుకోండి, అది ఉచితం.

1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆడ్వాంటేజ్ పథకం పెట్టినప్పుడు ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు జమ అయ్యేవి. 2015లో డెల్టా, యునైటెడ్, ఆ మరుసటి ఏడాది అమెరికన్ తమ సొంత విమానాలకు ఆ పద్ధతి మార్చేసి, టికెట్టుకు పెట్టిన డబ్బును బట్టి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఎయిర్ ఇండియా కూడా 2024లో ఆ దారినే పట్టింది. ఎక్కువ డబ్బు పెట్టి టికెట్టు కొనేవారిని, అంటే కంపెనీ ఖర్చుతో తరచుగా బిజినెస్ తరగతిలో తిరిగేవారిని నిలబెట్టుకోవడమే ఈ పథకాల అసలు ఉద్దేశం. సొంత డబ్బుతో చవక టికెట్టు వెతుక్కునే కుటుంబాలకు అందులో మిగిలేది కొసరు మాత్రమే.

మీ లెక్కే చూద్దాం. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్‌కు ఒకవైపు పదివేల మైళ్లకు కాస్త తక్కువ. రానుపోను దాదాపు 20 వేలు. కానీ మీ టికెట్టు మీద ఇంగ్లిషు అక్షరం ఒకటి ఉంటుంది, దాన్ని బుకింగ్ క్లాస్ అంటారు. ఎకానమీలోనే పక్కపక్క సీట్ల వారికి వేరువేరు అక్షరాలు ఉండవచ్చు. ఎగిరిన సంస్థలో కాక దాని భాగస్వామి సంస్థ ఖాతాలో వేయించుకుంటే, అట్టడుగు ధర అక్షరాలకు ఎగిరిన దూరంలో నాలుగో వంతే జమ చేసే పథకాలు చాలా ఉన్నాయి. అంటే 5 వేలు. మైలుకు ఒక సెంటు చొప్పున చూస్తే 50 డాలర్లు. ఆ 50 కోసం 90 పెడుతున్నారు. పైగా ఎమిరేట్స్‌లో వెళ్లినా దాని స్కైవార్డ్స్ ఖాతాలో ఎన్నో కొన్ని పడతాయి కదా, ఆ మేరకు ఈ 50 విలువ ఇంకా తగ్గుతుంది.

ఏజెంటు దగ్గర కొంటున్నట్లయితే డబ్బు కట్టకముందే ఆ అక్షరం అడిగి తెలుసుకోండి. టోకు ధరకు వచ్చే కొన్ని టికెట్లకు మైళ్లే రావు.

డల్లాస్ పాతకాపు:

మాస్టారి లెక్క తప్పని అనను, కానీ డల్లాస్‌లో ఉండేవారికి ఆ లెక్క సగమే.

ఒకే సంస్థను పట్టుకోవడం వేరు, ఒకే కూటమిని, అంటే కలిసి పనిచేసే విమాన సంస్థల జట్టును పట్టుకోవడం వేరు. కొత్తవారికి ముందు చెప్పాల్సింది ఇది. పెద్ద కూటములు మూడు. 1997లో మొదలైన స్టార్ అలయన్స్‌లో యునైటెడ్, లుఫ్తాన్సా, సింగపూర్ ఉన్నాయి, 2014 నుంచి ఎయిర్ ఇండియా కూడా. వన్‌వరల్డ్‌లో అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్. స్కైటీమ్‌లో డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం. ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు. కూటమిలోని ఏ సంస్థలో ఎగిరినా, మీరు కోరిన మరో సభ్య సంస్థ ఖాతాలో మైళ్లు వేయించుకోవచ్చు. ఒక ప్రయాణానికి ఒక ఖాతాలోనే పడతాయి, రెండింట్లో పడవు.

డల్లాస్ విమానాశ్రయం అమెరికన్ సంస్థకు ప్రధాన స్థావరం. ఖతార్‌లో ఎగిరిన మైళ్లను ఆడ్వాంటేజ్‌లో వేయించుకుంటే, ఆర్లాండోకో షికాగోకో వెళ్లేటప్పుడు వాడుకోవచ్చు. లేదా ఖతార్ సొంత ఖాతాలోనే ఉంచుకోండి. 2022 నుంచి అక్కడ ఇచ్చేవి ఏవియోస్ పాయింట్లు, వాటిని బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఖాతాకు మార్చుకుని అమెరికన్ దేశీయ విమానాలకు వాడవచ్చు. హైదరాబాద్ టికెట్టుకు మాత్రం వాడకండి. ఉచిత టికెట్టు అన్న పేరే గానీ పన్నులు, సర్‌చార్జీల కింద వందల డాలర్లు కట్టించుకోవచ్చు.

నలుగురి మైళ్లు నాలుగు సంస్థల్లో చెదిరిపోతే ఎందుకూ కొరగావు. ఆ సదుపాయం ఉన్న పథకంలో కుటుంబ ఖాతా తెరిచి ఒకచోట చేర్చండి. గడువు కూడా చూసుకోండి. స్కైవార్డ్స్ మైళ్లకు మూడేళ్లే. ఏవియోస్‌కు 36 నెలల్లో, ఆడ్వాంటేజ్‌కు 24 నెలల్లో ఏదో ఒక జమో ఖర్చో ఉంటే చాలు, బతికే ఉంటాయి. ఏడాదికోసారి ప్రయాణించే కుటుంబానికి ఈ తేడా చాలా ముఖ్యం.

లెక్కల మాస్టారు:

కూటమి గురించి మీరు చెప్పినది బాగుంది. కానీ ఆమె అడిగింది 360 డాలర్ల గురించి. ఆ డబ్బు చేతిలో ఉంటే షికాగో టికెట్టు ఇప్పుడే కొనుక్కోవచ్చు. మైళ్ల విలువ సంస్థ చేతిలో ఉంటుంది. డెల్టా 2015లో ఏ ఊరికి ఎన్ని మైళ్లో చెప్పే పట్టికనే తీసేసింది. ఎవరినీ అడగలేదు.

శంషాబాద్ రాత్రి విమానం:

నేను హైదరాబాద్ నుంచి ఢిల్లీ, ముంబయి తిరిగే మనిషిని. మా దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. దేశంలో సగానికి పైగా ప్రయాణికులను మోసే ఇండిగో ఏ కూటమిలోనూ లేదు, దాని బ్లూచిప్ అనే పాయింట్ల పథకం మొదలైందే 2024లో. కాబట్టి ఇక్కడ లాంజ్ అంటే బ్యాంకు కార్డే. కార్డు గీకితే 2 రూపాయలు కోసుకుని లోపలికి పంపుతారు. ఆ 2 రూపాయలు చూసి చాలామంది అది హక్కు అనుకుంటారు. కానీ 2024 నుంచి ఎన్నో బ్యాంకులు, ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే ప్రవేశం అనే నిబంధన పెట్టాయి. 2025 సెప్టెంబరులో, కార్డులకూ లాంజ్‌లకూ మధ్యవర్తిగా ఉన్న డ్రీమ్‌ఫోక్స్ దేశీయ విమానాశ్రయాల సేవను ఆపేసింది. కార్డు ఇచ్చినప్పటి కాగితం చూసుకుని వెళితే తలుపు దగ్గర నిలబెట్టేస్తారు. ఇంటి నుంచి బయలుదేరే ముందే బ్యాంకు యాప్‌లో చూసుకోండి.

అర్ధరాత్రి దాటాక విదేశీ విమానాలు వరుసగా బయలుదేరే సమయంలో లాంజ్ బయట వరుస, భోజనం దగ్గర మరో వరుస. గంటన్నర మాత్రమే ఉంటే ఆ వరుసల్లో నిలబడే కంటే గేటు దగ్గర కాఫీ తాగడం మేలు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు:

అమ్మా, మీ అత్తయ్య, మామయ్యల గురించి రాస్తున్నాను. మా దంపతులం కొడుకు దగ్గరికి వెళ్లి వస్తుంటాం. పెద్దవారికి ముందు కావలసింది లాంజ్ కాదు, చక్రాల కుర్చీ. నడవగలిగినా సరే, టికెట్టుతోపాటే అడిగి పెట్టండి. దానికి రుసుము లేదు. కుర్చీ తోసే మనిషే భద్రతా తనిఖీ దాటించి, అవసరమైతే మరో టెర్మినల్‌కు రైలు ఎక్కించి గేటు దాకా తీసుకెళతాడు. భాష రాని చోట ఆ మనిషే అండ.

లాంజ్‌తో ఒక ప్రమాదం కూడా ఉంది. చాలా లాంజ్‌లలో విమానం పిలుపు వినిపించరు, అది అక్కడి పద్ధతి. గోడ మీద తెర చూసుకుని మనమే లేవాలి. మెత్తటి కుర్చీలో కునుకు పట్టిందా, విమానం వెళ్లిపోయినట్టే. మాకు ఒకసారి ఆ గండం తృటిలో తప్పింది. గేటు మార్చారని పక్కనున్న ఒక తమిళ అమ్మాయి చెప్పబట్టి సరిపోయింది.

శాకాహారులైతే భోజనం ముందే నమోదు చేయండి. ఎయిర్‌లైన్ పద్ధతిలో దాన్ని ఏషియన్ వెజిటేరియన్ అంటారు. ఉత్త వెజిటేరియన్ అని పెడితే ఉడకబెట్టిన కూరముక్కలు వస్తాయి, పెద్దవారు తినలేరు. సాధారణంగా 24 గంటల ముందు వరకు మార్చుకోవచ్చు.

కువైట్ నర్సు:

ఒంగోలు మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే కాదంటున్నాను. మోకాళ్ల నొప్పులున్న అమ్మను ఏడెనిమిది గంటలు ఇనుప కుర్చీలో కూర్చోబెట్టకూడదు. కాళ్లు వాస్తాయి. షుగరు ఉంటే సమయానికి ఏదో ఒకటి తినాలి, చేతిలో దినార్లో దిర్హమ్‌లో లేక, అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు. చక్రాల కుర్చీ తోసేవారు కూడా చాలాసార్లు వారిని ఒక నిర్ణీత చోట వరుసగా కూర్చోబెట్టి, గేటు తెరిచేముందు మాత్రమే వస్తారు. ఆ మధ్యలో మరుగుదొడ్డికి కూడా లేవరు, కుర్చీ పోతుందేమో, మనిషి వచ్చి వెతుక్కుంటాడేమో అని.

దీనికి మార్గం ఉంది. దుబాయ్‌లో మర్హబా, దోహాలో అల్ మహా అనే స్వాగత సేవలు ఉన్నాయి. ముందే డబ్బు కట్టి బుక్ చేస్తే ఒక మనిషి పేరు రాసిన పలకతో ఎదురొచ్చి, తనిఖీ దాటించి, వేళకు గేటు దాకా దిగబెడతారు. లాంజ్ కూడా కలిపి ఉన్న ప్యాకేజీ తీసుకోండి. బుక్ చేసేటప్పుడే చక్రాల కుర్చీ సంగతి రాయండి. నిద్రపోతే లేపేవారు ఉంటారు కాబట్టి ఒంగోలు మాస్టారి భయానికీ ఇది జవాబు.

ఫ్రిస్కో కోడలు గారూ, మీ క్రెడిట్ కార్డుతో వచ్చే ప్రయారిటీ పాస్ అనే లాంజ్ సభ్యత్వం మీ పేరు మీద ఉంటుంది. మీరు పక్కన ఉంటేనే అతిథులను తీసుకెళ్లగలరు. అత్తయ్యగారికి కార్డు ఫొటో పంపితే లోపలికి రానివ్వరు. గోల్డ్ హోదా కూడా అంతే. స్టార్ అలయన్స్ గోల్డ్ సభ్యుడు ఎకానమీలో వెళ్లినా ఒక అతిథితో లాంజ్‌లోకి వెళ్లవచ్చు, కానీ ఆ సభ్యుడు అక్కడ ఉండాలి, ఆ అతిథి కూడా కూటమి విమానంలోనే వెళుతూ ఉండాలి.

ఫ్రిస్కో కోడలు:

అందరికీ ధన్యవాదాలు. కార్డు ఫొటో పంపుదామనే అనుకున్నాం, అడగడం మంచిదైంది. మళ్లీ టికెట్లు చూశాను. మేము వెళ్లే తేదీకి దోహాలో ఆగేది మూడు గంటలు, దుబాయ్‌లో తొమ్మిది. పిల్లలతో ఆ ఆరు గంటల తేడాకు 360 డాలర్లు ఎక్కువేమీ కాదు అనిపిస్తోంది. మా వారు ఇదంతా చదివి "అయితే నేను చెప్పిందే కదా" అంటున్నారు.

లెక్కల మాస్టారు:

అలాగైతే ఖతారే కొనండి, నేను కూడా అదే కొంటాను. ఆ డబ్బు మైళ్ల కోసం కాదు, ఆరు గంటల కోసం. వచ్చే ఏడాది దుబాయ్‌లో మూడు గంటలు, దోహాలో తొమ్మిది గంటలు వస్తే మీ వారు ఏమంటారో అడగండి.

డల్లాస్ పాతకాపు:

అప్పుడు కూడా 90 లోపు తేడా ఉంటే కూటమిలోనే ఉండమంటాను నేను. లెక్కల మాస్టారికీ నాకూ ఇక్కడ కుదరదు.

టికెట్టు కొనేముందు ఒక పని చేయండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక గడిలో, రెండు మూడు మాటల పేరు మరో గడిలో ఉంటుంది. కొందరు పెద్దవారికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. మైల్స్ ఖాతాలో పేరు టికెట్టు మీద ఉన్నట్టే లేకపోతే మైళ్లు జమ కావు. చాలామంది తెలుగువారి మైళ్లు పోయేది ఇక్కడే. అత్తయ్య, మామయ్యలకు కూడా పాస్‌పోర్టు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తూ ఖాతా తెరవండి, నంబరు టికెట్టులో వేయించండి. మైళ్లు ఖాతాలో కనిపించేదాకా బోర్డింగ్ పాస్ ముక్కలు పారేయవద్దని చెప్పండి. జమ కాకపోతే సంస్థ వెబ్‌సైటులో ఆ పాస్ ఫొటోతో అడగవచ్చు, దానికి గడువు నెలల్లోనే ఉంటుంది.