తాతయ్య పొదిలో తొమ్మిది ఉస్తరాలు: విలువ ఎలా తెలుసుకోవాలి, ఎలా అమ్మాలి?

ప్రశ్న (వనస్థలిపురం నుంచి):

నమస్కారం అండీ. మా తాతయ్యకు నాంపల్లి స్టేషన్ దగ్గర చిన్న సెలూన్ ఉండేది. ఆయన పోయి పన్నెండేళ్లయింది. పోయిన నెల పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆయన పొది దొరికింది. అందులో తొమ్మిది మడత ఉస్తరాలు, ఒక తోలు పట్టా, మధ్యలో అరిగి పల్లమైన సానరాయి, చిన్న ఇత్తడి గిన్నె ఉన్నాయి. జుమ్మెరాత్ బజార్‌లో ఒకాయనకు చూపిస్తే అన్నీ కలిపి మూడు వేలిస్తానన్నాడు. వచ్చే గురువారంలోగా చెప్పమన్నాడు. నాకు వీటి గురించి ఏమీ తెలియదు, తక్కువకు ఇచ్చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. కొన్నింటికి తుప్పు పట్టింది. ముందు ఉప్పుకాగితంతో రుద్ది మెరిపిస్తే మంచి ధర వస్తుందా?

జవాబు (మల్కాజ్‌గిరి నుంచి):

అమ్మా, ఉప్పుకాగితం మాత్రం ముట్టుకోవద్దు. ఇరవై ఏళ్లుగా పాత ఉస్తరాలు సేకరిస్తున్నాను, వాటితోనే గడ్డం గీసుకుంటాను. మంచి కత్తులు తుప్పు వల్ల పాడైనదానికంటే మెరిపించబోయి పాడైనవే ఎక్కువ చూశాను. నా మొదటి ఉస్తరాను వీధిలో సానపట్టే ఆయనకు ఇచ్చాను. చక్రం వేడికి వాదర (పదును ఉండే అంచు) నీలం రంగుకు తిరిగింది. అలా తిరిగిన ఉక్కుకు గట్టిదనం పోతుంది, ఎంత నూరినా పదును నిలవదు. ఆ కత్తి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పనికి మాత్రం రాదు.

ప్రస్తుతానికి చేయాల్సింది ఇంతే. మెత్తటి పాత నూలుగుడ్డ మీద రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేసి, కత్తి వీపు వైపు నుంచి వాదర వైపుకు తుడవండి. వాదర మీదుగా అడ్డంగా తుడిస్తే వేలు తెగుతుంది. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురవుతుంది. గుడ్డకు అంటుకునే ఎర్ర తుప్పు పోతే చాలు. నల్లబడిన చోటు అలాగే ఉండనివ్వండి, కొనేవాళ్లకు అది తప్పుగా కనిపించదు. రేకు (కత్తి పలక) మీద బంగారు రంగు రాతలుంటే వాటిపై గుడ్డ కూడా రుద్దకండి, చాలా పలచటి పూత అది.

తర్వాత ప్రతి ఉస్తరాను తెరిచి, రేకుకూ పిడికీ మధ్య ఉండే మెడ మీద ముద్ర చూడండి. ధరలో సగం అక్కడే తేలుతుంది. పక్క నుంచి టార్చి వెలుగు పడేట్టు పెట్టి, భూతద్దంతో చదివి, ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి.

ప్రశ్న అడిగినవారు:

చదివానండీ. నాలుగింటి మీద సోలింగెన్, జర్మనీ అని ఉంది. అందులో ఒకదాని మీద చెట్టు బొమ్మ ఉంది. రెండింటి మీద షెఫీల్డ్, ఇంగ్లాండ్. ఒకదాని మీద షెఫీల్డ్ అని మాత్రమే ఉంది, పక్కన నక్షత్రం, శిలువలాంటి గుర్తు, రాడ్జర్స్ అన్న పేరు ఉన్నాయి. ఇది మిగతావాటికంటే బరువు, వెడల్పు ఎక్కువ. ఇంకొకటి డబ్ల్యూ. జర్మనీ. చివరిదాని మీద ఏమీ కనిపించడం లేదు. దానికి తెల్లటి పిడి, ఏనుగు దంతంలా ఉంది. దంతమైతే ఎక్కువ వస్తుందా?

జవాబు (మల్కాజ్‌గిరి నుంచి):

ఆ షెఫీల్డ్ కత్తిని వేరుగా తీసి పెట్టండి. నక్షత్రం, మాల్టా శిలువ జోసెఫ్ రాడ్జర్స్ వాళ్ల ముద్ర. అమెరికాకు పంపే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న చట్టం అక్కడ 1890లో వచ్చింది. ఆ తర్వాత దేశం పేరు కొట్టడం అలవాటైంది. అందుకే ఊరి పేరు ఒక్కటే ఉన్న కత్తి అంతకు ముందుది కావచ్చు. ఖాయంగా చెప్పలేం, అమెరికాకు వెళ్లని సరుకు మీద తర్వాత కూడా దేశం పేరు లేకుండా ఉండొచ్చు. వీ.ఆర్. అక్షరాలు, పైన కిరీటం ఉన్నాయేమో కూడా చూడండి. అవి విక్టోరియా రాణి కాలానివి, అంటే 1837–1901. చెట్టు బొమ్మ బోకర్ కంపెనీది, దానికి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. డబ్ల్యూ. జర్మనీ అంటే పశ్చిమ జర్మనీ, 1949 తర్వాత తయారైనది. వయసు తక్కువే గానీ వాడుకునేవాళ్లు ఇష్టంగా కొంటారు.

వీపు నుంచి వాదర దాకా వెడల్పు కొలవండి. 16 మిల్లీమీటర్లు సెలూన్లలో మామూలు సైజు, చాలా దొరుకుతాయి. 22, 25 ఉంటే విలువ పెరుగుతుంది.

ముద్ర ఎంత గొప్పదైనా వాదర నుంచి వీపు వైపు వెంట్రుకంత పగులు ఉంటే అది అలంకారానికే. తుప్పు గుంటలు వాదర దాకా వచ్చినా అంతే, వీపు దగ్గర ఉంటే ఫర్వాలేదు. రోజూ నూరిన కత్తికి వీపు చదునుగా అరుగుతుంది, రెండు వైపులా సమానంగా అరిగిందా లేదా చూడండి. తాతయ్యగారు రోజూ వాడిన కత్తులు కాబట్టి కొంత అరుగుదల తప్పక ఉంటుంది. కొనేవాళ్ల దగ్గర అది దాచకండి.

తెల్ల పిడి సంగతి జాగ్రత్తగా వినండి. అసలైన దంతమైతే అమ్మకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో తెచ్చిన సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారం కూడా ఆగిపోయాయి. తాబేలు చిప్ప పిడి అన్నా అదే జాగ్రత్త. దంతమని తేలితే అటవీశాఖ వాళ్లను అడగకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి. కానీ సెలూన్ కత్తుల్లో ఎక్కువ శాతం సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడులే. గీతలు స్కేలుతో గీసినట్టు మరీ సమానంగా, సమాంతరంగా ఉంటే సెల్యులాయిడ్ అనుకోవచ్చు. చిన్న చిన్న నల్ల చుక్కల్లాంటి రంధ్రాలుంటే ఎముక. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

జవాబు (కాచిగూడ నుంచి):

తల్లీ, నేను నలభై ఏళ్లు సెలూన్‌లో పనిచేసి ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. సగం బ్లేడు పెట్టే ఉస్తరాలు వచ్చాక మేమంతా ఇలాంటి కత్తులను పొదిలో చుట్టి పక్కన పెట్టేశాం. చాలామంది ఇళ్లలో పిల్లలు వాటిని పాత ఇనుము కింద తూకానికి వేశారు, అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నాదొక్క మాట. పొది, పట్టా, రాయి, గిన్నె విడివిడిగా అమ్మకు. ఒకే మనిషి పనిముట్లు మొత్తం ఉండటం అరుదు. తాతయ్య సెలూన్ ఫొటో ఏదైనా ఉంటే దాంతో కలిపి చూపించు. రాయి మధ్యలో పల్లం పడిందన్నావు కదా, అది ఆయన చేతి పని. దాన్ని చదును చేయించకు.

ఇంకొకటి, తొమ్మిదీ ఒకే చోట మూసి పెట్టకు. పిడి నుంచి ఘాటు వాసన వస్తున్నదీ, రివెట్ చుట్టూ ఆకుపచ్చగా మారిందీ ఉంటే వెంటనే వేరు చెయ్. పాడైపోతున్న సెల్యులాయిడ్ ఆవిరి పక్క కత్తులనూ తినేస్తుంది. ఒక్కోదాన్ని కాగితంలో చుట్టి గాలి తగిలేచోట పెట్టు. ప్లాస్టిక్ కవర్ వద్దు, వానాకాలంలో లోపల చెమ్మ పడుతుంది.

జవాబు (మల్కాజ్‌గిరి నుంచి):

పెద్దాయన చెప్పింది నిజం, నేను మరిచిపోయాను. అమ్మకం గురించి కూడా చెప్పేస్తాను. విదేశీ వేలం సైట్లలో ‘అమ్మేవాళ్లు అడుగుతున్న ధర’ చూసి ఆశపడొద్దు. ‘అమ్ముడైన ధర’ అని విడిగా చూపిస్తారు, అదే ముద్ర, అదే వెడల్పు, అదే స్థితిలో ఉన్నవాటితో పోల్చండి. మన దగ్గర వాడేవాళ్లు, సేకరించేవాళ్లు తక్కువమందే గానీ తెలిసినవాళ్లు. ముద్ర, వాదర, వీపు, పిడి రెండు వైపులా పగటి వెలుగులో ఫొటోలు తీసి పెడితే వాళ్లే అడుగుతారు. ‘పదునుగా ఉంది’ అని రాయకండి, మీరు గీసి చూడలేదు కదా.

విదేశాలకు పంపాలనుకుంటే ముందు ఒకటి చూసుకోవాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువును సొంతంగా దేశం దాటించకూడదు. రాడ్జర్స్ కత్తి ఆ వయసుదే అయితే ఇక్కడే అమ్మండి. అంతకంటే కొత్తదని అనుకుంటే, పంపే ముందు పురావస్తు సర్వే వాళ్ల దగ్గర ‘పురావస్తువు కాదు’ అన్న ధ్రువపత్రం తీసుకోండి.

గురువారంలోగా జవాబు చెప్పాల్సిన అవసరం మీకు లేదు. తొందర ఆయనకే.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. తెల్ల పిడి గీతలు స్కేలుతో గీసినట్టు సమానంగా ఉన్నాయి, రివెట్ చుట్టూ ఆకుపచ్చగా కూడా ఉంది. దాన్ని వేరే కాగితంలో చుట్టి బాల్కనీ అలమారలో పెట్టాను. రాడ్జర్స్ వెడల్పు 23 మిల్లీమీటర్లు వచ్చింది, పగులు కనిపించలేదు. బజారు ఆయనకు ఇప్పుడే ఇవ్వనని ఫోన్ చేసి చెప్పాను, ఐదు వేలిస్తానన్నాడు. అమ్మ దగ్గర సెలూన్ ముందు తాతయ్య నిలబడి ఉన్న ఫొటో ఒకటి ఉందట, ఆదివారం వెళ్లి తెచ్చుకుంటాను. ఫొటోలన్నీ తీశాక ఇక్కడే పెడతాను. చెట్టు బొమ్మ ఉన్నది మాత్రం అమ్మను. పిడి మీద ఆయన బొటనవేలు ఆనే చోట నునుపుగా అరిగింది.