నోరు కట్టుకుని హోమ్ లోన్ ముందే తీర్చేయాలా? లెక్కలతో రండి

మియాపూర్ మధ్యతరగతి:
40 లక్షల లోన్, 20 ఏళ్ల గడువు, ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ 8.5 శాతం అనుకుందాం. ఈఎంఐ రూ.34,713. మొదటి నెల కట్టినదాంట్లో 28,333 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 6,380. చివరిదాకా ఇలాగే కడితే వడ్డీ ఒక్కటే 43.3 లక్షలు. అదే మొదటి నెల నుంచి ఇంటి ఖర్చులో 5,000 మిగిల్చి అసలుకు జమ చేస్తే 177 నెలల్లో, అంటే 14 ఏళ్ల 9 నెలల్లో బాకీ తీరిపోతుంది. వడ్డీలో సుమారు 13 లక్షలు మిగులు. నలుగురున్న ఇంట్లో బయటి తిండి, స్విగ్గీ, చూడని ఓటీటీలు తగ్గిస్తే 5,000 రావడం పెద్ద కష్టమేం కాదు. ఇది వదిలేసి మ్యూచువల్ ఫండ్ల వెంట పడటం దేనికి?

సిప్ సుబ్బారావు:
మీరు వేసింది సగం లెక్కే. పోలిక న్యాయంగా ఉండాలంటే ఇద్దరూ 20 ఏళ్లపాటు నెలకు 39,713 తీయాలి. ఒకరు 177 నెలల్లో లోన్ తీర్చేసి, మిగతా 63 నెలలు ఆ సొమ్మంతా ఫండ్‌లో వేస్తారు. రెండోవారు ఈఎంఐ మామూలుగా కడుతూ మొదటి నెల నుంచే 5,000 సిప్ (నెలనెలా ఫండ్‌లో వేసే వాయిదా) వేస్తారు. రాబడి 11 శాతమైతే సిప్ వేసినవారికి 43.3 లక్షలు, లోన్ ముందే తీర్చినవారికి 33.7 లక్షలు. అంతా ఒకే ఏడాది అమ్మి, 1.25 లక్షలు పోను లాభంపై 12.5 శాతం పన్ను కట్టినా 39.5, 32.7 మిగులుతాయి. నోరు కట్టుకుని నష్టపోవడం ఎందుకండీ?

లెక్కల మాస్టారు:
సుబ్బారావు గారూ, ఆ 11 శాతం ఎవరు రాసిచ్చారు? 7 శాతం పెట్టి చూడండి: సిప్‌కు 26 లక్షలు, ముందే తీర్చినవారికి 30.1 లక్షలు. 8.5 దగ్గర ఇద్దరికీ 31.4. అంటే మీ లోన్ వడ్డీ ఎంతో, గీత అక్కడే. దానికి పైన వచ్చేదంతా రిస్కుకు దొరికే కూలి. లోన్ తీర్చడంలో వచ్చేది మాత్రం ఖాయం.

అయితే ఆ గీత ఇప్పుడు కదిలింది. 2025లో ఆర్‌బీఐ రెపో రేటును, అంటే బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.25కు దించింది. రెపోకు ముడిపడ్డ లోన్ ఇప్పుడు 7.5 దగ్గర ఉంటే, అసలుకు అదనంగా కట్టేకన్నా వీపీఎఫ్ (ఉద్యోగి తన ఇష్టంతో ఈపీఎఫ్‌లో అదనంగా వేసే వాటా) మేలు. 2024-25కు ఈపీఎఫ్ వడ్డీ 8.25 శాతం. ఉద్యోగి వాటా ఏడాదికి 2.5 లక్షలు దాటనంతవరకు ఆ వడ్డీ మీద పన్ను లేదు. చిక్కల్లా డబ్బు లోపల ఇరుక్కుపోవడమే. పన్ను సంగతి కూడా చూడాలి. పాత విధానంలో 30 శాతం శ్లాబులో ఉంటే మొదటి ఏడాది వడ్డీ 3.37 లక్షల్లో 2 లక్షలకే మినహాయింపు, ఆదా 62,400. అప్పుడు 8.5 కాస్తా దాదాపు 7 అవుతుంది. కొత్త విధానంలో, మనమే ఉంటున్న ఇంటికి ఆ మినహాయింపు లేదు.

బ్యాంకు కౌంటర్:
పాల పాకెట్ దగ్గర కోత పెట్టే ముందు లోన్ స్టేట్‌మెంట్ తీసి రేటు చూడండి. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో లాంటి బయటి బెంచ్‌మార్కుకు ముడిపడి ఉంటాయి. అంతకుముందువి చాలా వరకు ఎంసీఎల్ఆర్, బేస్ రేటు అనే బ్యాంకుల సొంత లెక్కల రేట్ల మీదే ఉండిపోయాయి. పాత కస్టమర్‌కు 9.25 పడుతున్న రోజునే కొత్తవారికి 8.5 ఇవ్వడం మామూలే. 40 లక్షలకు 20 ఏళ్ల ఈఎంఐలో ఆ తేడా నెలకు 1,922 రూపాయలు. కొత్త రేటుకు మారడానికి ఒక అర్జీ, ఒకసారి కన్వర్షన్ ఫీజు, అంతే. వంటింట్లో ఎంత పిండినా అంత రావడం కష్టం.

రేటు తగ్గినప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గిస్తాయి. దాన్ని కదిలించకండి, అదే ఖర్చులేని ముందస్తు చెల్లింపు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో 4 నుంచి 6.5కు ఎక్కినప్పుడు ఇదే తిరగబడి ఎందరికో గడువు చడీచప్పుడు లేకుండా ఏళ్లకు ఏళ్లు పెరిగింది. స్టేట్‌మెంట్‌లో మిగిలిన నెలలు చూసుకోండి.

పప్పుచారు:
కోత ఎక్కడ పెడితే ఎంత వస్తుందో ఎవరూ రాయట్లేదు. కరెంటు తీసుకోండి. తెలంగాణలో 2022-23 టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 అయితే శ్లాబు మారి మొదటి యూనిట్ నుంచీ రేటు పెరుగుతుంది, ఆ చార్జీ 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయలన్నమాట! 2 కిలోవాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్. కాబట్టి 190 దాటాక జాగ్రత్త పడటంలో అర్థముంది. 320 కాలుతున్న ఇంట్లో బల్బుల దగ్గర కీచులాట దండగ.

బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకుంటుందో గమనించారా? 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాకింగ్ మీద 5 శాతం జీఎస్టీ. బస్తా ధరలు కాదు, కిలో ధరలు పోల్చండి. నూనె కూడా అంతే. లీటరంటే సుమారు 910 గ్రాములు, అదే సైజు ప్యాకెట్‌లో గ్రాములు తగ్గించి అమ్మేవీ పక్కనే ఉంటాయి. ఇదంతా చేసినా నెలకు వెయ్యి, పదిహేను వందలు. 5,000 కావాలంటే పెద్ద పద్దుల మీదే పడాలి: రెండో బండి, ఫోన్ ఈఎంఐ, నగల దుకాణం నెలవారీ స్కీము. ఇంటి మీద అప్పు పెట్టుకుని తరుగు, మజూరీ కట్టి నగలు కొనడం ఏం లెక్కో! క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ముందు అది తీర్చండి. దాని వడ్డీ నెలకే 3 శాతం పైన.

హెల్త్ ఇన్సూరెన్స్, టర్మ్ పాలసీల్లో మాత్రం కోత పెట్టొద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

గోదావరి గట్టు:
"ఇంటి ఖర్చు తగ్గిద్దాం" అనగానే కత్తి వంటింటి మీదే ఎందుకు పడుతుంది? పనమ్మాయిని మాన్పిస్తే 3,000 మిగులు అంటారు. ఆ గిన్నెలు, బట్టలు తర్వాత ఎవరి నెత్తిన పడతాయో ఏ ఎక్సెల్‌లోనూ ఉండదు. వారాంతపు పార్టీల పద్దు మాత్రం "నెట్‌వర్కింగ్" కింద చల్లగా ఉంటుంది. నా సలహా ఒక్కటే. కోతల జాబితాలో ప్రతి పద్దు పక్కన, అది పోతే ఎవరికి ఇబ్బందో పేరు రాయండి. అన్నిటి పక్కనా ఒకే పేరు వస్తే ఆ బడ్జెట్ మూడు నెలలు కూడా నిలవదు.

మియాపూర్ మధ్యతరగతి:
గట్టు గారు చెప్పింది న్యాయం, ఆ గడి పెట్టాల్సిందే. ఇంకో మాట, చిట్టీ పాడి లోన్‌కు కట్టేస్తే ఎలా ఉంటుంది?

లెక్కల మాస్టారు:
ఎప్పుడు పాడారన్నదాన్ని బట్టి. 50 నెలల 5 లక్షల చిట్టీని మూడో నెలలో 40 శాతం వదులుకుని పాడితే చేతికి 3 లక్షలు. డివిడెండ్ పోను సగటున 8,500 చొప్పున ఇంకా 47 వాయిదాలు, అంటే దాదాపు 4 లక్షలు కట్టాలి. ఏడాదికి 15 శాతం వడ్డీ పడినట్టు. 8.5 అప్పు తీర్చడానికి 15 అప్పు చేయడమేమిటండీ? ఆఖరి నెలల్లో ఎత్తి కట్టండి, తప్పులేదు.

బ్యాంకు కౌంటర్:
కట్టే పద్ధతిలో జరిగే పొరపాట్లు కూడా రాస్తాను, ఎందుకంటే మిగిల్చిన డబ్బు ఎక్కువగా ఇక్కడే వృథా అవుతుంది.

లోన్ ఖాతాకు ఊరికే ట్రాన్స్‌ఫర్ చేస్తే కొన్ని సంస్థలు దాన్ని వచ్చే ఈఎంఐకి అడ్వాన్స్‌గా ఉంచుకుంటాయి, అసలు తగ్గదు. యాప్‌లో "పార్ట్ పేమెంట్" ఎంచుకోవాలి, తర్వాత స్టేట్‌మెంట్‌లో అసలు తగ్గిందో లేదో చూడాలి. ఈఎంఐ తగ్గించాలా, గడువు తగ్గించాలా అని అడుగుతారు. పై లోన్‌లో మొదట్లోనే 2 లక్షలు కట్టారనుకోండి. గడువు తగ్గిస్తే 28 నెలలు పోయి వడ్డీలో సుమారు 7.9 లక్షలు మిగులుతాయి. ఈఎంఐ తగ్గిస్తే నెలకు 1,736 తగ్గుతుంది, మొత్తమ్మీద మిగిలేది 2.2 లక్షలే. వ్యక్తుల ఫ్లోటింగ్ హోమ్ లోన్ మీద ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదని బ్యాంకులకు ఆర్‌బీఐ 2012లోనే చెప్పింది. ఫిక్స్‌డ్ రేటైతే అగ్రిమెంట్ చదవండి.

జీతం పడ్డ మర్నాడే ఆ 5,000 వెళ్లిపోయేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. నెలాఖరున మిగిలింది కడదామంటే మిగలదు. అయితే ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు చేతిలో లేనిదే ఇది మొదలుపెట్టకండి. అసలుకు కట్టింది వెనక్కి రాదు, కావాలంటే టాపప్ లోన్‌కు మళ్లీ కాగితాలు పట్టుకుని తిరగాలి. ఆ భయం ఉన్నవారికి ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ లోన్ నయం. మిగులు అందులో ఉన్నన్నాళ్లూ ఆ మేరకు వడ్డీ పడదు, అవసరమైతే తీసుకోవచ్చు. చేతికి అందే డబ్బు ఖర్చైపోయే ఇళ్లకు మాత్రం అది పనికిరాదు.

సిప్ సుబ్బారావు:
ఇప్పటికే పదేళ్లు కట్టేసినవారి సంగతి?

లెక్కల మాస్టారు:
120 ఈఎంఐలు, అంటే 41.7 లక్షలు కట్టాక కూడా బాకీ 28 లక్షలుంటుంది. అప్పటినుంచి నెలకు 5,000 అదనంగా కడితే 22 నెలల ముందు తీరుతుంది, మిగిలేది 2.7 లక్షలు. మొదటి నెల నుంచి కట్టినవారికి 13 లక్షలు. పదేళ్లు దాటాక నోరు కట్టుకోవడం కంటే ఆ 5,000 వీపీఎఫ్‌లోనో మీ సిప్‌లోనో వేసుకోవచ్చు, ఇక్కడ మీతో నాకు పేచీ లేదు.

బ్యాంకు కౌంటర్:
ఎప్పుడు తీర్చినా క్లోజర్ లెటర్‌తో ఆగిపోకండి. 2023 డిసెంబరు 1 నుంచి, బాకీ తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు ఇవ్వాలి, ఆలస్యం సంస్థదే అయితే రోజుకు 5,000 పరిహారం. లోన్ తీసుకున్నప్పుడు సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రిజిస్టర్ అయి ఉంటే దాన్ని అక్కడే రద్దు చేయించాలి. తర్వాత కొత్తగా ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) తీసి చూడండి. అందులో తనఖా అలాగే కనిపిస్తుంటే రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి లాయరు అక్కడే ఆపేస్తాడు.