సామ్ బర్జెస్ రగ్బీ యూనియన్‌లో ఎందుకు నిలవలేదు: తప్పు ఆటగాడిదా, కోచ్‌లదా?

లీగ్‌మాస్టారు: కొత్తవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. రగ్బీలో రెండు రకాలు: లీగ్, యూనియన్. నియమాలు వేరు. బర్జెస్ లీగ్ ఆటగాడు. 1988లో ఇంగ్లండ్‌లోని డ్యూస్‌బరీలో పుట్టాడు, బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ లీగ్ క్లబ్‌లో ఎదిగాడు, 2010లో సిడ్నీ వెళ్లి సౌత్ సిడ్నీ (సౌత్స్) క్లబ్‌లో చేరాడు. 2014లో ఆస్ట్రేలియా లీగ్ గ్రాండ్ ఫైనల్ మొదటి ఢీలోనే ప్రత్యర్థి జేమ్స్ గ్రాహమ్ తల తగిలి చెంప ఎముక విరిగింది. అయినా 80 నిమిషాలూ ఆడి ఫైనల్‌లో మేటి ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ మెడల్ కొట్టాడు. సౌత్స్ 30-6తో కాంటర్‌బరీ మీద గెలిచింది. ఆ నవంబర్‌కల్లా ఇంగ్లండ్ క్లబ్ బాత్ తరఫున యూనియన్ ఆడుతున్నాడు. ఏడాది తిరిగేసరికి, ఇంగ్లండ్‌కి 5 మ్యాచ్‌లు ఆడి, మళ్లీ సౌత్స్‌కే వెళ్లిపోయాడు. నా లెక్కలో టైమ్ చాలలేదు, అంతే.

వింగర్_14: టైమ్ సాకు వద్దండీ. జేసన్ రాబిన్సన్ 2000లో లీగ్ క్లబ్ విగన్ వదిలి యూనియన్ క్లబ్ సేల్‌కి వచ్చాడు, 2001 ఫిబ్రవరిలోనే ఇంగ్లండ్‌కి ఆడాడు. 2003 ప్రపంచ కప్ ఫైనల్‌లో ట్రై (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకి ఆనించడం) కూడా అతనిదే.

లీగ్‌మాస్టారు: రాబిన్సన్ 1996లోనే కొన్నాళ్లు బాత్‌కి ఆడాడు, అది మర్చిపోయారు. పైగా అంచున వింగ్‌లో ఆడేవాడికి, లోపల ఆడేవాడికి పోలికేంటి?

రక్‌శాస్త్రి: అసలు పాయింట్ అదే. లీగ్‌లో టాకిల్ అయ్యాక, అంటే పట్టుకుని పడేశాక, బంతి మీ దగ్గరే ఉంటుంది. లేచి కాలితో వెనక్కి నెడితే ఆట మళ్లీ మొదలు. ప్రత్యర్థులు 10 మీటర్లు వెనక్కి వెళ్లాలి. బర్జెస్ బలమంతా ఆ 10 మీటర్లలోనే ఉంది: ఎదురుగా ఖాళీ, పరుగెత్తి వచ్చి గుద్దడం. యూనియన్‌లో ఆ ఖాళీ ఉండదు. రక్‌లో (నేలమీది బంతి కోసం రెండు జట్లూ తోసుకునే గుంపు) చివరి కాలి వెనకే డిఫెన్స్ లైన్ కాచుకుని ఉంటుంది, బంతి అందేలోపే మనిషి మీదకి వచ్చేస్తాడు.

ఇక టాకిల్ చేశాక ఏం చెయ్యాలన్నది ఇంకా కష్టం. లీగ్‌లో పడేసినవాణ్ణి క్షణం సేపు అదిమి ఉంచి ఆటని నెమ్మది చెయ్యడం ఒక విద్య. యూనియన్‌లో అదే పని చేస్తే పెనాల్టీ. వెంటనే వదలాలి, కాళ్ల మీద లేవాలి, మోచెయ్యి, మోకాలు నేలకి ఆనించకుండా బంతి మీద చేతులు వెయ్యాలి. వేరేవాడు టాకిల్ చేస్తే సాయానికి వచ్చేవాడు పక్కనుంచి దూరకూడదు, వెనకనుంచే రావాలి. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాటు తొమ్మిది నెలల్లో పోదు.

వింగర్_14: మరి 12 నంబర్‌లో, అంటే మైదానం మధ్యలో ఆడే ఇన్‌సైడ్ సెంటర్‌గా, ఎవరు పెట్టమన్నారు?

రక్‌శాస్త్రి: బాత్ మొదట సెంటర్‌గా ఆడించి, తర్వాత ముందు వరసల్లో బంతి కోసం పెనుగులాడే 6 నంబర్ ఫ్లాంకర్‌గా మార్చింది. ఇంగ్లండ్ కోచ్ లాంకాస్టర్ మాత్రం 2015 ప్రపంచ కప్‌కి ఇన్‌సైడ్ సెంటర్‌గా తీసుకున్నాడు, సెంటర్ లూథర్ బరెల్‌ని పక్కన పెట్టి మరీ. క్లబ్‌లో ఒక పని, దేశానికి ఇంకో పని. కబడ్డీలో సీజనంతా కార్నర్‌లో నిలబెట్టి, ఫైనల్ రోజు రైడ్‌కి పంపినట్టుంది. విచిత్రం ఏంటంటే ఆ టీమ్ కోచ్‌లలో ఆండీ ఫారెల్ ఉన్నాడు. 2005లో లీగ్ నుంచి యూనియన్ క్లబ్ సారసెన్స్‌కి వచ్చి, 2007 ప్రపంచ కప్‌లో సెంటర్‌గా ఆడినవాడు.

వేల్స్‌పక్షం: అంటే 2015 సెప్టెంబర్ 26న ట్వికెన్‌హామ్‌లో వేల్స్ చేతిలో ఇంగ్లండ్ 28-25 ఓటమి బర్జెస్ పుణ్యమేనంటారు?

రక్‌శాస్త్రి: కాదు. అతనికిచ్చిన పని వేల్స్ సెంటర్ జేమీ రాబర్ట్స్‌ని ఆపడం. చాలావరకు చేశాడు. బర్జెస్‌ని తీసేసి జార్జ్ ఫోర్డ్‌ని పంపినప్పుడు ఇంగ్లండ్ ఆధిక్యంలోనే ఉంది. 25-18 దగ్గర వేల్స్ ఆటగాడు గారెత్ డేవిస్ ట్రై పడింది బర్జెస్ బయటికెళ్లాకే. అది కూడా లాయిడ్ విలియమ్స్ ఎడమ అంచు నుంచి లోపలికి తన్నిన బంతి, 12 నంబర్‌తో సంబంధం లేదు.

లీగ్‌మాస్టారు: చివర్లో సమం చేసే పెనాల్టీ దొరికితే ఇంగ్లండ్ కెప్టెన్ రాబ్‌షా పోస్టులకి కొట్టించకుండా లైనవుట్‌కి (అంచు నుంచి బంతిని లోపలికి విసిరే ఆట) పంపాడు. జంపర్ల వరస ముందు భాగానికే విసిరించుకుని, తనే పట్టి, టచ్‌లోకి, అంటే గీత బయటికి, నెట్టించుకున్నాడు. దానికీ బర్జెసే దొరికాడు జనాలకి.

వేల్స్‌పక్షం: సరే, ఆ మ్యాచ్ వదిలేద్దాం. బరెల్‌ని తీసుకునుంటే?

రక్‌శాస్త్రి: 12లో కదిలే డిఫెన్స్ తెలిసినవాడు ఒకడు ఉండేవాడు. గెలిచేవాళ్లని మాత్రం అనను. వారం తర్వాత ఆస్ట్రేలియా 33-13తో కొట్టినప్పుడు మొదట కూలింది స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్‌లు ఎదురెదురుగా తోసుకునే మోహరింపు).