మంచితనం పదోన్నతి తెస్తుందా?

శ్రీసిటీ_బస్సు:
నేను ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌ఛార్జిని. తోటివారితో మంచిగా ఉండేవాళ్లే ఉద్యోగంలో ఎదుగుతారని నా నమ్మకం. మా దగ్గర ఒక కుర్రాడున్నాడు. అతనిలా షిఫ్టు మారేటప్పుడు ‘ఈ యంత్రం మధ్యాహ్నం నుంచి వేడెక్కుతోంది, చూసుకో’ అని చెప్పి వెళ్లేవాడు తర్వాతి షిఫ్టును కాపాడతాడు. తిట్లకు భయపడేవాడు ఆ మాట దాచి బస్సెక్కుతాడు, అర్ధరాత్రి యంత్రం ఆగిపోతుంది. గూగుల్ సంస్థ 2012లో మొదలుపెట్టి తన 180 బృందాలను పరిశీలించింది. తప్పునైనా సందేహాన్నైనా భయం లేకుండా చెప్పగలగడమే మంచి బృందానికి అన్నిటికన్నా ముఖ్యమని తేలింది. కాదనేవాళ్లు చెప్పండి.

రేణిగుంట_వాసి:
నేను కాదంటాను. మీరు చెప్పింది బృందం గెలవడం గురించి, మనిషి ఎదగడం గురించి కాదు. అదే 2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చూడండి. సర్దుకుపోయే మగవాళ్లకు, సర్దుకుపోనివాళ్లకన్నా జీతం తక్కువని తేల్చింది. అంత దూరం ఎందుకు? పాత కంపెనీలో కొత్తగా చేరిన ప్రతివాడికీ పని నేర్పింది నేను. సూపర్‌వైజరు పోస్టు మాత్రం మేనేజరు అత్తమామలకు తిరుమలలో దర్శనం చేయించినవాడికి దక్కింది.

పాకాల_జంక్షన్:
దర్శనం చేయించడం కూడా సాయమే కదా అన్నా?

రేణిగుంట_వాసి:
అయితే మా షెడ్డు ఊడ్చే ఆమె తల్లిదండ్రులకు ఎందుకు చేయించలేదు?

పాకాల_జంక్షన్:
300 రూపాయల టికెట్టు ఆన్‌లైన్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. పెద్దవాళ్లకు ఫోనులో తీసిపెడితే అది లంచమా?

రేణిగుంట_వాసి:
అది 300 టికెట్టు కాదు తమ్ముడూ. సిఫారసు ఉత్తరం మీద బ్రేక్ దర్శనం. తేడా తెలియకుండా మాట్లాడకండి.

చంద్రగిరి_కోట:
మాది తిరుపతి అంటే చాలు, పై అధికారులు ముందు అడిగేది గది, దర్శనం, లడ్డూలే. హైదరాబాదులో నాకూ ఇదే బాధ.

పాకాల_జంక్షన్:
అడిగితే కాదనమంటారా? స్వామి దర్శనానికి దారి చూపడం పుణ్యం.

శ్రీసిటీ_బస్సు:
దర్శనం సంగతి వదిలేయండి. నేను అడిగింది పనిలో తోడ్పాటు గురించి.

అలిపిరి_అక్క:
నేను ఒక ఆసుపత్రిలో నర్సును. కొత్త పిల్లలకు చెయ్యి పట్టుకుని సెలైను పెట్టడం నేర్పాను. పండుగ రోజుల్లో వాళ్ల రాత్రి డ్యూటీలు నేను చేశాను. ఏడాది చివర నా గురించి ‘సౌమ్యురాలు’ అని రాశారు. అదే పని చేసిన మగ నర్సుకు ‘నాయకత్వం ఉంది’ అని రాసి ఇన్‌ఛార్జి చేశారు. మా మంచితనం జీతం లేని అదనపు డ్యూటీ అయింది. దీన్ని ఎదుగుదల అంటారా బాబూ?

శ్రీసిటీ_బస్సు:
అది మీ పై అధికారి అన్యాయమమ్మా. మంచితనం లోపం కాదు.

రేణిగుంట_వాసి:
ఎవరు చెప్పినా ‘అది వేరు’ అంటారు మీరు. సూటిగా అడుగుతున్నాను. మీరు షిఫ్టు ఇన్‌ఛార్జి కదా, యంత్రం వేడెక్కుతోందని చెప్పిన ఆ కుర్రాడికి ఏం రాశారు?

శ్రీసిటీ_బస్సు:
మా మదింపు ఫారంలో ఉత్పత్తి, హాజరు, భద్రత అనే గడులే ఉన్నాయి. తోటివారికి చేసిన సాయానికి గడి లేదు. నోటితో మెచ్చుకున్నాను.

అలిపిరి_అక్క:
నోటితో నన్నూ మెచ్చుకున్నారు.

శ్రీసిటీ_బస్సు:
మీ కోపం అర్థమైంది. ఆ గడి పెట్టాలని వచ్చే సమావేశంలో అడుగుతాను. పని నేర్పినవారి పేరు, ఎవరికి నేర్పారో కూడా రాయాలని అడుగుతాను. అప్పుడు ‘సౌమ్యురాలు’ అన్న ఒక్క మాటతో తోసిపుచ్చలేరు.

రేణిగుంట_వాసి:
కాంట్రాక్టు కార్మికులకూనా?

శ్రీసిటీ_బస్సు:
వాళ్లకు మదింపు ఉండదు. వాళ్లను చూసుకునేది కాంట్రాక్టరు.

రేణిగుంట_వాసి:
మరి ఆ కుర్రాడు?

శ్రీసిటీ_బస్సు:
కాంట్రాక్టు మీద ఉన్నాడు.

రేణిగుంట_వాసి:
నా గొడవంతా అదే. నేనూ నా పాత కంపెనీలో కాంట్రాక్టు మీదే ఉండేవాణ్ని. మంచిగా ఉండటం తప్పని నేను ఎక్కడా అనలేదు. నిచ్చెనే లేనివాడికి ఎక్కడం ఎలాగో చెప్పకండి. ఆ కుర్రాడిని పర్మినెంటు చేయమని సిఫారసు ఉత్తరం రాయండి.

పాకాల_జంక్షన్:
ఆ ఉత్తరం రాస్తే నేనూ ఒప్పుకుంటాను.

శ్రీసిటీ_బస్సు:
సోమవారం ఉదయం షిఫ్టులో మేనేజరుకు ఇస్తాను. ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తాను.