సంతకం ఉంటే అంగీకార పత్రం పూర్తయినట్టేనా?

ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. శస్త్రచికిత్సకు ముందు తీసుకునే అంగీకార పత్రాలను స్కాన్ చేసి కంప్యూటర్‌లో చేరుస్తాం. ఫైలు చేరగానే ‘పూర్తయింది’ అని పచ్చ గుర్తు పడుతుంది. తెరిచి చూస్తే సంతకం ఉంటుంది, సమయం ఉండదు. కుడి మోకాలో ఎడమ మోకాలో రాయాల్సిన చోటు ఖాళీ. ప్రమాదాలు, ఇతర చికిత్సా మార్గాలు వివరించిన వైద్యుడి పేరు కనిపించదు. రోగికి బదులు బంధువు సంతకం చేస్తే కారణం ఎవరూ రాయరు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా పట్టిక ప్రకారం మత్తు ఇవ్వకముందే రోగి అంగీకారాన్ని నిర్ధారించుకోవాలి. మా దగ్గర ఆ క్షణంలో చూసేది పచ్చ గుర్తునే.

స్కాన్‌కు బదులు తెరమీదే నింపే పత్రం పెట్టి, ముఖ్యమైన గడులు ఖాళీగా ఉంటే ముందుకు సాగనివ్వని పద్ధతిని ఎవరైనా అమలు చేశారా? అత్యవసర కేసులు ఆగిపోకుండా ఏ వెసులుబాటు ఇచ్చారు? హడావుడిలో గడుల్లో ఏదో ఒకటి నింపేస్తారేమోనని నా భయం. పాత స్కాన్‌లలో నెలనెలా కొన్నింటిని తీసి చూస్తే చాలా, లేక అన్నీ తిరగేయాల్సిందేనా? ఈ పని చేసినవారు దయచేసి చెప్పండి.