వృత్తి సంఘంలో సభ్యత్వానికి ఏటా చందా కట్టడం దండగేనా?

కొత్త ప్రోగ్రామర్:
కంప్యూటర్ నిపుణుల సంఘమైన ఏసీఎంలో గానీ, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంఘమైన ఐట్రిపుల్‌ఈలో గానీ చేరమని మా మేనేజర్ గారు పదే పదే చెబుతున్నారు. ఎందుకని అడిగితే, రెజ్యూమెలో బాగుంటుందన్న మాటకు మించి ఆయన దగ్గర జవాబు లేదు. కావలసిన పాఠాలూ పరిశోధన పత్రాలూ ఇంటర్నెట్‌లో దొరుకుతున్నప్పుడు చందా కట్టడానికి వేరే కారణం ఏమైనా ఉందా?

నెట్‌వర్క్ నిర్వాహకుడు:
లేదనే నా అభిప్రాయం. ఒకప్పుడు చందా కట్టింది ముఖ్యంగా పత్రాల కోసం. ఏసీఎం 1951 నుండి 2000 వరకు ప్రచురించినవాటిని 2022లోనే అందరికీ ఉచితంగా తెరిచింది; 2026 జనవరి నుండి కొత్తవాటినీ రుసుము లేకుండా చదువుకోవచ్చు. ఐట్రిపుల్‌ఈ సంగతి మరీ విచిత్రం: మామూలు సభ్యత్వం తీసుకున్నా దాని ఆన్‌లైన్ గ్రంథాలయమైన ఎక్స్‌ప్లోర్‌లోని పత్రాలన్నీ రావు, ఈథర్‌నెట్, వైఫైలకు సంబంధించిన 802 ప్రమాణాలేమో (స్టాండర్డ్స్) వెలువడిన ఆరు నెలలకు బయటివారికి కూడా ఉచితంగానే దొరుకుతాయి. ఇంటర్నెట్ ప్రోటోకాల్స్ (కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలు) తయారుచేసే ఐఈటీఎఫ్‌లో అసలు సభ్యత్వమన్నదే లేదు. మెయిలింగ్ లిస్టులో చేరి ఎవరైనా వాదించవచ్చు. ప్రోగ్రామ్ రాయడానికి లైసెన్సు అక్కర్లేదు గనుక, వైద్యులకు ఉన్నట్టు మనకు ఆ నిర్బంధమూ లేదు.

పాత ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు:
చదువుకునేవారి వైపు నుండి చూస్తే నిర్వాహకుడు గారు చెప్పినదంతా నిజమే. అయితే ఆ ప్రమాణాలు ఎలా తయారయ్యాయో కూడా చూడాలి. 1980ల తొలినాళ్ల వరకు ఒకే లెక్కను రెండు కంపెనీల యంత్రాలకు ఇస్తే దశాంశ స్థానాల చివర వేర్వేరు జవాబులు రావడం మామూలు విషయం. ఆ గందరగోళాన్ని అదుపులోకి తెచ్చిన ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణం 1985లో వచ్చింది, 2008లోనూ 2019లోనూ సవరణ పొందింది. ప్రతిసారీ ఆ పని చేసింది కమిటీలో కూర్చుని వాదులాడుకున్న ఇంజనీర్లే.

ఐట్రిపుల్‌ఈలో బ్యాలెట్, అంటే ప్రమాణం ముసాయిదా మీద ఓటింగు, ఎలా నడుస్తుందో చెబుతాను. ముసాయిదా నెగ్గాలంటే ఓటర్లలో కనీసం 75 శాతం మంది బ్యాలెట్ తిరిగి పంపాలి, అవునన్నవారూ కాదన్నవారూ కలిసిన మొత్తంలో 75 శాతం అవునని ఉండాలి. కాదన్నవారు ఊరకే కాదంటే చెల్లదు. ఏ వాక్యాన్ని ఎలా మారిస్తే తాము ఒప్పుకుంటారో రాసివ్వాలి, దానికి కమిటీ జవాబు చెప్పాలి. నేను ఒకసారి ఒక పట్టికలో టైమ్‌అవుట్‌కు (జవాబు కోసం పరికరం ఆగే గడువుకు) కనిష్ఠ విలువే ఉందని, గరిష్ఠ విలువ కూడా చేర్చాలని రాశాను. అది లేకపోతే ఒక తయారీదారు పరికరం మరొకరి పరికరం కోసం ఎంతసేపైనా కాచుకుని ఉండిపోతుంది. చేర్చారు. అలాంటి ఓటు కావాలంటే ఆ సంస్థ ప్రమాణాల విభాగంలో సభ్యత్వమైనా ఉండాలి, ఆ ఒక్క బ్యాలెట్‌కు విడిగా రుసుమైనా కట్టాలి.

నెట్‌వర్క్ నిర్వాహకుడు:
రుసుము కట్టి ఒక్క బ్యాలెట్‌లో పాల్గొనే వీలున్నప్పుడు ఏటేటా సభ్యత్వం దేనికి? పైగా ఆ కమిటీల్లో కూర్చునేవారిలో చాలామందిని జీతమూ దారిఖర్చులూ ఇచ్చి పంపేది కంపెనీలే. సొంత డబ్బుతో వెళ్లే ఉద్యోగి మాట అక్కడ ఎంత చెల్లుతుంది?

పాత ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు:
సంఘాల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కూడా అదే. అయినా కంపెనీల మనుషులే అక్కడ మిగిలితే, పరికరం కొనుక్కునేవారి తరఫున అడిగేవారు ఉండరు.

ప్రోగ్రామర్ గారూ, రెజ్యూమె కోసమే అయితే చేరకండి. సీనియర్ మెంబర్ హోదాకు పదేళ్ల వృత్తి అనుభవం అడుగుతారు గనుక దానికి కొంత విలువ ఉంది గానీ, మామూలు సభ్యత్వం మీరు డబ్బు కట్టారని తప్ప మరేమీ చెప్పదు. ముందు మీ పనికి దగ్గరి వర్కింగ్ గ్రూపు (ప్రమాణం ముసాయిదా రాసే బృందం) ఏదో వెతికి, దాని సమావేశాల నివేదికలు చదవండి. వైఫై వ్యవహారాలు చూసే 802.11 బృందంలో కూర్చోవడానికి సంఘ సభ్యత్వం అడగరు. నమోదు రుసుము కట్టి వరుసగా హాజరైతే ఆ బృందం లోపలి నిర్ణయాల్లో ఓటు హక్కు వస్తుంది. మీ పనిని తాకే ముసాయిదా బ్యాలెట్‌కు వచ్చిన నాడు చందా సంగతి ఆలోచించవచ్చు.

కొత్త ప్రోగ్రామర్:
మా బృందం రోజూ కుస్తీ పట్టే ప్రోటోకాల్ ఐఈటీఎఫ్‌ది. కాబట్టి ఈ ఏడాదికి చందా కట్టకుండా ఆ మెయిలింగ్ లిస్టులోనే చేరుతున్నాను. మేనేజర్ గారికి కూడా ఇదే కారణం చెబుతాను.